దుంపకు పాపం అంటదు

చరిత్రకారులు ఏ రాజుకు ఏ రోజున కిరీటం పెట్టారో, ఏ కోట ఏ ఏడాది కూలిందో తారీకులతో సహా రాసిపెట్టారు. కాని ష్రాప్‌షైర్ కొండల్లో హోప్‌లీ అనే ఊళ్లో మిస్ ఆలివ్ పార్జెటర్ ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగుంబావుకు అద్దాల బీరువా తెరిచి, కాడలున్న చిన్న గ్లాసులు ఆరు బయటికి తీసి, ఒక్కోదాన్నీ మూడేసిసార్లు తుడిచి బల్లమీద వరసగా నిలబెట్టేదన్న సంగతి వాళ్లలో ఒక్కరూ రాయలేదు. ఈ ఆచారం ఒక ప్రపంచ యుద్ధాన్ని తట్టుకుని నిలిచింది. బాంబుల భయంతో కిటికీలకు నల్లగుడ్డలు కట్టుకున్న రోజుల్లోనూ ఆ గ్లాసులు బయటికి రావడం మానలేదు. పంచదారకు రేషను వచ్చినప్పుడు ఊళ్లోని మెథడిస్టు ప్రార్థన మందిరం చాపెల్‌కు వెళ్లే కుటుంబాలన్నీ టీలో చక్కెర మానేసి, తమ వంతు పంచదారను కాగితపు పొట్లాల్లో తెచ్చి మిస్ పార్జెటర్‌కు అప్పగించాయి. ఇంతటి త్యాగం ఆ జిల్లాలో మరో సందర్భంలో జరిగినట్టు దాఖలా లేదు.

1969 వేసవి నాటికి మిస్ పార్జెటర్‌కు అరవై ఏడేళ్లు. ఊరి బడి వంటింట్లో ముప్ఫై ఏళ్లు పిల్లలకు వండిపెట్టి విశ్రాంతి తీసుకుంటోంది. పెళ్లి చేసుకోలేదు. చేసుకుంటావా అని అడగడానికి వచ్చిన ఇద్దరికీ తాగుడు అలవాటుంది. ఆ ఒక్క కారణం ఆవిడకు చాలింది.

ఆవిడ ముందుగదిలో గోడకు చట్రం కట్టిన ప్రతిజ్ఞాపత్రం ఒకటి వేలాడేది. చుట్టూ లిల్లీ పూలు, పైన ఓ పావురం, మధ్యలో అచ్చు అక్షరాలు: “మత్తు కలిగించే సమస్త పానీయాలకూ దేవుని సహాయంతో బతికున్నంతకాలం దూరంగా ఉంటాను.” కింద తొమ్మిదేళ్ల పిల్ల గుండ్రటి చేతిరాతలో ఆలివ్ పార్జెటర్, 1911 నవంబరు. ఆ పత్రానికి సరిగ్గా కింద, బల్లమీద, పదకొండు పెద్ద గాజు జాడీలు. ఒక్కో జాడీ మూతిలో వంకర తిరిగిన గాజుగొట్టం, అందులో చెంచాడు నీళ్లు. ఆ నీళ్లలోంచి రాత్రింబవళ్లు బుడగలు ‘బ్లుక్, బ్లుక్’ మంటూ వచ్చేవి. గోడమీది పావురం ఆ చప్పుడు యాభై ఎనిమిదేళ్లుగా వింటూ కిక్కురుమనలేదు.

ఇందులో ఏదో తేడా ఉందని మిస్ పార్జెటర్‌కు ఏనాడూ తోచలేదు. తోచకపోవడానికి ఆవిడ దగ్గర పకడ్బందీ అయిన వేదాంతం ఉంది. మద్యం అంటే పబ్బులో కౌంటరు మీద డబ్బు పెట్టి కొనుక్కునేది. వైను అంటే ద్రాక్షపళ్లతో చేసేది. ద్రాక్ష ఎండ దేశాల పంట, ఎండ దేశాల జనం ఏం చేసినా ఆశ్చర్యపోనక్కర్లేదు. సొంత దొడ్లో సొంత పారతో తవ్విన దుంపకూ, చాపెల్ వెనక గట్టు మీద కోసుకున్న పువ్వుకూ పాపం ఎక్కడినుంచి అంటుకొస్తుంది? చాపెల్‌లో ప్రభువు బల్ల నాడు ఇచ్చేది కూడా పులియని ద్రాక్షరసమే. ఆ విషయంలో హోప్‌లీ మెథడిస్టులు మహా పట్టుదల మనుషులు. ఆ రసం భక్తిగా పుచ్చుకుని, తిన్నగా మిస్ పార్జెటర్ ఇంటికి వచ్చేవాళ్లు.

ఆవిడ పంచాంగం వేరు. ఏప్రిల్ ఇరవై మూడున, జార్జి పునీతుడి పండుగ నాడు, ఎండెక్కాక డాండెలియన్ పూలు కోయాలి. పసుపు రేకలే తీసుకోవాలి, పచ్చ తొడిమ ఒక్కటి పడినా చేదు. జూన్‌లో ఎల్డర్ పూలు, వాన వెలిసి రెండు రోజులు ఎండ కాసిన తరువాత. సెప్టెంబరులో బ్లాక్‌బెర్రీలు. తొలి మంచు పడ్డాక కంచె ముళ్లలో నల్లటి స్లో కాయలు. అన్నిటికీ మకుటం ఫిబ్రవరిలో పార్స్‌నిప్. తెల్ల క్యారెట్టుకు పెద్దన్న వరసయ్యే ఆ దుంప మంచులో గడ్డకట్టుకుపోతే గాని తీపెక్కదు. ఆ రోజుల్లో ఆవిడ పారతో పాటు గడ్డపార కూడా పట్టుకుని దొడ్లోకి వెళ్లేది. తెచ్చిన దుంపలు చెక్కు తీయకుండా ఉడికించి, ఆ నీళ్లు పంచదార మీద పోసి, నిమ్మకాయలు, అల్లం వేసి, కాల్చిన రొట్టెముక్క మీద ఈస్టు పూసి పడవలా తేలేసి గుడ్డ కప్పేది. మర్నాటికి ఆ రొట్టె చుట్టూ తెల్లటి నురగ లేచేది.

“దుంప ఊపిరి తీసుకుంటోంది,” అనేది మిస్ పార్జెటర్, చంటిపిల్ల దగ్గర కూర్చున్నంత మెల్లగా.

పక్కింటి గ్లాడిస్ బెవన్ చాపెల్‌లో హార్మోనియం వాయిస్తుంది. సరిహద్దు దాటి వేల్స్‌నుంచి వచ్చిన కోడలు. నోరు వేళ్లకన్నా చురుకు. ఆదివారాలు మొదటి గ్లాసు ఆవిడదే, రెండోది మిస్ పార్జెటర్‌ది.

“ఇది పోయినేటి దానికన్నా కాస్త గట్టిగా ఉన్నట్టుందే ఆలివ్?”

“అల్లం ఎక్కువ పడింది.”

“ఒళ్లంతా వెచ్చబడిపోతోంది.”

“అల్లమే మరి.”

“అయితే ఇంకో గ్లాసు అల్లం పొయ్యమ్మా తల్లీ.”

అల్లం వెయ్యని ఎల్డర్ పూల రసం తాగినప్పుడు ఒళ్లు వెచ్చబడితే దానికి కారణం ఎండ. ఒకసారి చాపెల్ ధర్మకర్త ఒకాయన ఇంటికి వెళ్తూ కంచెలో పడి, అక్కడే కూర్చుని కీర్తన మూడు చరణాలూ పాడాడు. ఆయనకు అదివరకే మోకాలి నొప్పి ఉంది. చాపెల్ చరిత్రలో సాయంత్రపు పాటలు ఉదయపు పాటలకన్నా ఎప్పుడూ బాగుండేవని ఓ మాట ఉండేది గాని, ఎందుకని ఎవరూ విచారించలేదు.

ఇంత వేళాకోళంగా చెప్పుకుంటున్నా ఆ గోడమీది కాగితం మిస్ పార్జెటర్‌కు వేళాకోళం కాదు. దాని కథ ఇది.

తండ్రి ఆమోస్ పార్జెటర్ కొండమీద రాళ్ల క్వారీలో పనిచేసేవాడు. శుక్రవారం జీతం చేతికందగానే హార్ప్ పబ్బుకు వెళ్లేవాడు. ఆయన తిరిగొచ్చే వేళకు ఆలివ్ తల్లి హన్నా దీపం తగ్గించి, పిల్లను పై గదిలోకి పంపి గడియ వెయ్యమనేది. మెట్ల మీద అడుగుల చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఆలివ్ చెప్పగలిగేది. 1911 నవంబరులో చాపెల్‌కు ఒక ఉపన్యాసకుడు వచ్చి, మద్యం వల్ల పాడైన కాలేయం బొమ్మను రంగుల్లో చూపించి, ప్రతిజ్ఞకు ఎవరు ముందుకొస్తారని అడిగాడు. తల్లి లేచింది. ఆవిడ వెనకే తొమ్మిదేళ్ల ఆలివ్ వెళ్లి సంతకం చేసింది. కలం పట్టుకుని లోలోపల దేవుడితో ఓ బేరం పెట్టుకుంది: నేను జన్మలో ముట్టను, నాన్నను మాత్రం మాన్పించు.

ఆ చలికాలమే ఆమోస్ హార్ప్‌కు వెళ్లడం మానేశాడు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ బతిమాలలేదు. శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర కుర్చీలో కూలబడి, బూట్లు విప్పి, ఏడింటికల్లా గురక పెట్టేవాడు. ఆయన 1938లో పోయేదాకా అంతే. అప్పటినుంచీ ఆలివ్‌కు ఒక సంగతి రూఢి: నాన్నను నిలబెట్టింది నా సంతకం. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను తిప్పి పంపింది కూడా ఆ సంతకమే. ఇంట్లో అన్నీ పోయినా అది ఒక్కటి నిజంగా తాను చేసిన పని.

1969 వసంతకాలంలో చాపెల్‌కు కొత్త పాస్టరు వచ్చాడు. మాల్కమ్ బర్టిల్స్, ఇరవై ఎనిమిదేళ్లు, సైకిలు, పొడుగాటి మెడ. మూడు తరాల మెథడిస్టు కుటుంబం. పుట్టి బుద్ధెరిగాక మద్యం వాసన చూసినవాడు కాడు. ఊళ్లో గుమ్మం గుమ్మానికీ తిరిగి, చివరికి మిస్ పార్జెటర్ ఇంటికొచ్చాడు.

“మీరు తాగేవారు కాదు కదా పాస్టరుగారూ?” అని ఆవిడ ముందే అడిగింది.

“అబ్బే, చుక్క ముట్టను మిస్ పార్జెటర్.”

“అయితే ఈ పార్స్‌నిప్ రసం తీసుకోండి. కడుపుకు మంచిది.”

తీసుకున్నాడు. రుచికి పోలిక చూసుకుందామన్నా ఆయన దగ్గర మరో రుచి లేదు. నాలుగు గ్లాసులయ్యాక తన తల్లి గురించి చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సైకిలు తోటలో వదిలేసి నడిచి వెళ్లాడు. మర్నాడు దానికోసం వచ్చినప్పుడు తలపట్టుకుని, “కొండగాలి కొత్త కదండీ, పడలేదు,” అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక సలహా ఇచ్చాడు.

“ఆగస్టులో ఊరి ప్రదర్శనకు ఇది ఎందుకు పంపరు? దుంపల పానీయాలకు ఓ విభాగం ఉందిగా. మన చాపెల్‌కు పేరొస్తుంది.”

చాపెల్‌కు పేరన్నాక మిస్ పార్జెటర్ కాదనలేదు. మూడేళ్ల కిందటి జాడీలోంచి ఓ సీసా నింపి, బిరడా బిగించి, నియమాల కాగితంలో చెప్పినట్టు అడుగునుంచి అంగుళం ఎత్తున చీటీ అంటించి పంపింది.

ప్రదర్శన రోజు శనివారం. మైదానంలో పెద్ద తెల్లగుడారం, లోపల నలిగిన గడ్డి వాసన, బల్లలమీద అచ్చుపోసినట్టున్న ఉల్లిపాయలు మూడేసి, పింగాణీ పళ్లేల్లో రొట్టెలు ఆరేసి. పట్నం నుంచి వచ్చిన జడ్జి ఇత్తడి బొత్తాల కోటు వేసుకుని, సీసా తర్వాత సీసా ఎత్తి వెలుతురుకు పట్టి, గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి, పక్కనున్న బకెట్లో ఉమ్మాడు. గుడారం గుడ్డ సందులోంచి చూస్తున్న మిస్ పార్జెటర్ నొచ్చుకుంది.

“చూశావా గ్లాడిస్, ఉమ్మేశాడు. నచ్చలేదు.”

“అందరివీ ఉమ్ముతున్నాడు లేవే. అదీ ఒక ఉద్యోగమే.”

కాని నలభై ఏడో విభాగంలో మూడో సీసా దగ్గర జడ్జి ఆగాడు. రెండోసారి పోసుకున్నాడు. ఈసారి ఉమ్మలేదు.

రెండు గంటలకు గుడారం తలుపు తెరిచారు. మిస్ పార్జెటర్ సీసా మెడకు ఎర్ర చీటీ వేలాడుతోంది. మొదటి బహుమతి. దాని పక్కన అట్టముక్క మీద జడ్జి స్వహస్తాలతో రాసినది, చాపెల్ జనమంతా చుట్టూ మూగి, పాస్టరుగారు పైకి చదవగా విన్నారు.

“రంగు చక్కగా ఉంది. తేటగా ఉంది. మద్యం పదహారు శాతానికి తగ్గదు. ఒక గ్లాసు మించి...” అక్కడికొచ్చేసరికి బర్టిల్స్ అట్టముక్కను గ్లాడిస్ చేతిలో పెట్టాడు. మిగతాది గ్లాడిస్ చదివింది. “ఒక గ్లాసు మించి వద్దని మనవి.”

మిస్ పార్జెటర్ జనాన్ని తోసుకుని తిన్నగా జడ్జి దగ్గరికి వెళ్లింది.

“అయ్యా, పొరపాటు జరిగింది. నా దాంట్లో మద్యం లేదు. అవి పార్స్‌నిప్ దుంపలు.”

“అవునమ్మా. బ్రహ్మాండమైన దుంపలు. పంచదార వేశారా?”

“వేశాను.”

“ఈస్టు?”

“రొట్టెముక్క మీద.”

“బుడగలు వచ్చాయా?”

“మూడు నెలలు.”

“మరి ఆ బుడగలు ఏమిటనుకున్నారు మేడమ్?”

మిస్ పార్జెటర్ “దుంప ఊపిరి” అనబోయి మానేసింది. చెప్పబోయిన మాట ఇంట్లో వినిపించినట్టు ఇక్కడ వినిపించదని అప్పుడే తెలిసింది.

వెనక్కి తిరిగేసరికి గ్లాడిస్ నిలబడి ఉంది.

“నీకు తెలుసా?” అంది మిస్ పార్జెటర్.

“ఊరంతటికీ తెలుసు. నీకు తెలియదని మాత్రం మాకెవరికీ తెలియదే ఆలివ్. ఒట్టు. నువ్వు భలే నటిస్తున్నావనుకున్నాం.”

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మిస్ పార్జెటర్ టీ బల్లల దగ్గర ఓ మడత కుర్చీలో కూర్చుంది. అక్కడికి హార్ప్ పబ్బు యజమాని రెజ్ ఇన్‌స్టోన్ వచ్చాడు. ఆవిడ ఆయనతో జన్మలో నాలుగు మాటలు మాట్లాడి ఉండదు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“పదహారు శాతం! నా బీరు దీనిముందు చంటిపిల్లల పాలు మిస్ పార్జెటర్. మా నాన్న ఉంటే చెప్పేవాడు, మీ ఇంటి పార్స్‌నిప్ మా కడుపు ఎంత కొట్టిందో.”

“మా ఇంటిదా?”

“మీ అమ్మగారిది. మీ నాన్న ఆమోస్ మా దగ్గర మొదటి బెంచీ మనిషి. ఉన్నట్టుండి రావడం మానేశాడు. మా నాన్న క్వారీ దారిలో పట్టుకుని, ‘ఏం ఆమోస్, అలిగావా?’ అంటే ఏమన్నాడో తెలుసా? ‘నీ బీరు తాగాలంటే వానలో మైలు నడవాలి. మా హన్నా పార్స్‌నిప్ తాగాలంటే కుర్చీలోంచి లేవక్కర్లేదు’ అన్నాడట. మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకు నవ్వుతాం.”

పొగడ్త అనుకునే చెప్పాడాయన. చెప్పి, వంగి, వెళ్లిపోయాడు.

ఆవిడ కళ్లముందు లెక్క దానంతటదే తేలుతోంది. తల్లి మొదటిసారి పార్స్‌నిప్ రసం పెట్టింది 1911 ఫిబ్రవరిలో. దుంపలు తవ్వుతుంటే వేళ్లు తిమ్మిరెక్కడం ఆలివ్‌కు గుర్తుంది. ఆ జాడీ తేటపడింది నవంబరుకు. సంతకం పెట్టింది కూడా నవంబరే. ఒకటే నెలలో రెండు పనులు జరిగితే, తొమ్మిదేళ్ల పిల్ల ఏది దేనివల్ల జరిగిందనుకుంటుంది? సాయంత్రాలు తండ్రి చేతిలో గోధుమరంగు కూజా ఉండేది. అందులో ఏముందని ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఏడింటికల్లా గురక. దేవుడి శాంతి అనుకుంది.

ఇంకోటి గుర్తొచ్చింది. తల్లి బతికున్నంతకాలం ఆ రసం ఒక్క చుక్క నోట పెట్టలేదు. “నాకు పార్స్‌నిప్ పడదు” అనేది. ఆదివారం మాంసం పక్కన వేయించిన పార్స్‌నిప్ ముక్కలు మాత్రం ఎప్పుడూ రెండోసారి వడ్డించుకునేది.

అయితే అమ్మకు తెలుసు. తన ప్రతిజ్ఞ తాను అక్షరాలా నిలబెట్టుకుంటూ, మొగుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, తెలిసి తెలిసి ఏటేటా జాడీలు నింపింది.

మర్నాడు ఉదయం పాస్టరు బర్టిల్స్ వచ్చాడు. రాత్రంతా నిద్రపోయినట్టు లేడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“మిస్ పార్జెటర్, నేను నాలుగు గ్లాసులు తాగాను.”

“ఐదు. ఐదోది సగం.”

“నేను ఆలోచించాను. జాడీలన్నీ తోటలో పారబోద్దాం. నేను సాయం పడతాను. ఇద్దరం కొత్తగా సంతకం చేద్దాం. మీరు తెలియక చేసింది పాపం కిందికి రాదు. తెలియని తప్పును దేవుడు...”

“అదే కదండీ నా బాధ,” అంది మిస్ పార్జెటర్. గొంతు పెంచలేదు. “యాభై ఎనిమిదేళ్లు నేను నిలబెట్టుకున్నదీ లేదు, తప్పిందీ లేదు. గోడకు వేలాడదీశాను, అంతే. మా నాన్న మారింది దీనివల్ల అనుకున్నాను. ఆయన అసలు మారనే లేదట. చోటు మార్చాడు.”

“కాని మీ విశ్వాసం నిజమైనదే కదా?”

“తొమ్మిదేళ్ల పిల్ల విశ్వాసం నిజమైనదే బాబూ. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. కాని మా అమ్మ శుక్రవారం రాత్రి మెట్లమీద చప్పుడు లేకుండా చేసింది. ఆవిడ చేసిందాన్ని ఇవాళ నేను తోటలో పారబోసి, అది పాపం అని చాటితే ఎలా? నేను ఆ పని చెయ్యను.”

ఆవిడ కుర్చీ ఎక్కి, గోడమీది చట్రం దించి, వెనకనున్న సాలెగూడు దులిపి పాస్టరు చేతిలో పెట్టింది. చట్రం ఉన్నచోట గోడకాగితం మీది గులాబీలు కొత్తవాటిలా మెరిశాయి.

“దీన్ని చాపెల్‌కు తిరిగి ఇచ్చేస్తున్నానని పుస్తకంలో రాసుకోండి. నా పేరు కొట్టెయ్యండి. కారణం కూడా రాయండి, దాచొద్దు.”

“మరి నా సంగతి?” అన్నాడు బర్టిల్స్, బడిపిల్లాడిలా.

“మీకింకా ఇరవై ఎనిమిదేళ్లే. మీరు సంతకం చేసుకోండి. ఈసారి వచ్చినప్పుడు పాలు ఇస్తాను.”

పావురాన్ని, లిల్లీ పూలను చంకలో పెట్టుకుని, సైకిలు ఒంటి చేత్తో నడిపించుకుంటూ ఆయన వెళ్లిపోయాడు. కంచె అవతల నుంచి గ్లాడిస్ చూసింది.

మిస్ పార్జెటర్ తలుపు వేసింది. ప్రదర్శన నుంచి తిరిగొచ్చిన సీసాలో సగానికి పైగా మిగిలి ఉంది. గ్లాసుల జోలికి పోకుండా వంటింట్లోంచి టీ కప్పు తెచ్చుకుని, దాన్నిండా పోసుకుని, కిటికీ దగ్గర తండ్రి కుర్చీలో కూర్చుంది. మెథడిస్టు తల్లి కడుపున పుట్టి, ఆ తల్లి పక్కనే నిలబడి దేవుడికి మాటిచ్చి, అరవై ఏడో ఏట, ఆదివారం పట్టపగలు, పూర్తి స్పృహతో, ఇది మద్యమని తెలిసి, పదహారు శాతమని కూడా తెలిసి, మొట్టమొదటిసారి ఆవిడ కప్పు పెదాల దాకా ఎత్తింది. తాగింది. కళ్లు మూసుకుని, జరగవలసింది ఏదైనా ఉంటే జరగడానికి తగినంత వ్యవధి ఇచ్చింది. తరువాత ఇంకో గుటక వేసి ఆలోచించింది.

తీపి కాస్త ఎక్కువైంది.